లార్డ్స్‌లో జూన్ 25: కపిల్ కన్నా ముందు నాయుడు

జూన్ 25 రాగానే టీవీలన్నీ ఒకే దృశ్యం చూపిస్తాయి: 1983, లార్డ్స్ బాల్కనీ, కపిల్‌దేవ్ చేతిలో ప్రపంచకప్. చూపించాల్సిందే. అయితే అదే మైదానంలో, సరిగ్గా 51 ఏళ్ల ముందు అదే తేదీన భారత్ తన మొట్టమొదటి టెస్టు మొదలుపెట్టింది. ఆ జట్టుకు సారథి సి.కె. నాయుడు. పుట్టింది నాగపూర్‌లో, కుటుంబ మూలాలు మాత్రం బందరులో. అందుకే కృష్ణా తీరంలో ఈ తేదీ కథ 1932 నుంచే మొదలవ్వాలని నా పట్టుదల.

ఆ టెస్టు ఊరికే రాలేదు. 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ తెచ్చిన ఎంసీసీ జట్టు మీద, బొంబాయి జింఖానా మైదానంలో, హిందూ జట్టు తరఫున నాయుడు రెండు గంటలు తిరగకముందే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. మనవాళ్లు ఇంగ్లండ్‌తో సమానంగా నిలబడగలరన్న నమ్మకానికి ఆ ఇన్నింగ్స్ పెద్ద దన్ను. రెండేళ్లకు క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 పర్యటనకు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజాను పంపినా, టెస్టు దగ్గరకొచ్చేసరికి పగ్గాలు నాయుడి చేతికే వచ్చాయి.

ఆ ఉదయం ఇంగ్లండ్ ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్. పది రోజుల కిందటే యార్క్‌షైర్ తరఫున తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించిన జంట. ఆ ఇద్దరినీ మహ్మద్ నిస్సార్ రెండంకెల స్కోరు చేరకముందే బౌల్డ్ చేశాడు. వెంటనే వూలీ రనౌట్. మూడు వికెట్లకు 19! కొత్త జట్టు ముందు లార్డ్స్ నివ్వెరపోయిన గంట అది. జార్డిన్ 79 పరుగులతో ఆదుకోబట్టి ఇంగ్లండ్ 259 దాకా వెళ్లింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు బ్యాటుతో దిగి 40 పరుగులు చేశారు. మన 189లో అదే అత్యధికం. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. రెండో ఇన్నింగ్స్‌లో కింది వరసలో వచ్చిన అమర్‌సింగ్ కొట్టిన 51, టెస్టుల్లో భారత్‌కు తొలి అర్ధసెంచరీ.

1983 సంగతి అందరికీ కంఠస్థమే. 183కే ఆలౌటైన జట్టు వెస్టిండీస్‌ను 140కే కట్టడి చేసింది. మదన్‌లాల్ బంతిని రిచర్డ్స్ గాల్లోకి లేపితే కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్ దగ్గరే ఆట మలుపు తిరిగింది. మొహిందర్ అమర్‌నాథ్ 12 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు.

నాయుడికి మన నేలతో ఉన్న బంధం పూర్వీకులతోనే ఆగిపోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. ఆ జట్టును నడిపించింది 58 ఏళ్ల నాయుడే. ఇప్పుడు అండర్-23 కుర్రాళ్లు ఆడే జాతీయ టోర్నీ ఆయన పేరు మీదే ఉంది. మంగళగిరి పక్కన నవులూరు స్టేడియంలో నెట్స్‌కు వచ్చే పిల్లలకు, ఆ ట్రోఫీ మీద పేరున్న పెద్దాయన తమ రాష్ట్ర జట్టుకు కెప్టెన్‌గా ఆడారని ఎవరైనా చెబితే బాగుండు. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున ఆయన రంజీ ఆడారు.