లావెండర్ సీసాలో మన కొండల ఎరుపు

బంగారుపాళ్యంలో లావెండర్ పండదు. మా దారి పొడవునా మామిడి తోటలే. ఆ ఊదాపూల పొదకు చల్లటి కొండవాలు కావాలి. మన దేశంలో జమ్ము వైపు భదేర్వా రైతులు దాన్ని సాగుచేస్తున్నారు. అయినా లావెండర్ కథలో మా చిత్తూరు సీమకు ఓ చోటుంది. అది మందు సీసాలో ఉంది.

లావెండర్ పాత మందే. మొదటి శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ ఆ జాతి మొక్క ఒకదాని గుణాలు రాసిపెట్టాడు. పూలను బట్టీలో కాచి తైలం తీయడం తెలిశాక ఐరోపాలో అత్తర్లకూ సబ్బులకూ అదే వాసన అయింది. ఇంగ్లండు మందుల అంగళ్లలో మాత్రం ఇంకో సరుకు అమ్మేవాళ్లు: ‘కాంపౌండ్ టింక్చర్ ఆఫ్ లావెండర్’. లావెండర్, రోజ్‌మేరీ తైలాలు, దాల్చినచెక్క, జాజికాయ, వాటితోపాటు ఎర్రచందనం. జనం దాన్ని ‘ఎర్ర లావెండర్’ అనేవాళ్లు. కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా, మనసు కలతపడినా నాలుగు చుక్కలు పుచ్చుకునేవాళ్లు. 1811లో అచ్చయిన జేన్ ఆస్టిన్ నవలలో మరియాన్ అనే పాత్ర దుఃఖంతో కుంగిపోయినప్పుడు పట్టించేదీ లావెండర్ చుక్కలే.

లావెండర్ తైలానికి వాసన ఉంది, రంగు లేదనే చెప్పాలి. ఎర్రచందనానికి రంగుంది, చెప్పుకోదగ్గ వాసన లేదు. ఈ రెండింటినీ కలిపినవాడెవడో గాని గట్టివాడు.

మా ఇళ్లలో అవ్వలు సాన మీద ఎర్రచందనం అరగదీసి మొటిమలకూ వాపులకూ పూస్తారు. ఆ గంధాన్ని కాస్త గ్లాసు నీళ్లలో కలిపి చూడండి. పొడి అడుక్కు దిగిపోతుంది, పైన నీళ్లకు రంగు పెద్దగా పట్టదు. చెక్కలోని శాంటాలిన్ అనే రంగు నీళ్లకు లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది. అందుకే ఆ చెక్కపొడినీ దినుసులనూ స్పిరిట్‌లో రోజుల తరబడి నానబెట్టి, వడకట్టి, తైలాలు కలిపేవాళ్లు.

ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, ఉమ్మడి చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల కొండల్లోనే. చుట్టుపక్కల ఇంకొంచెం, అంతే. కోరమండల్ తీరం నుంచి దుంగలు ఓడలెక్కి పోయేవి. శతాబ్దాలపాటు చెక్కను వాడిన ఐరోపావాళ్లకు చెట్టేదో స్పష్టంగా తెలిసింది 1780ల నాటికి, యోహాన్ కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఇక్కడ సేకరించి పంపిన వివరాలతో. ఆ కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఆ మరుసటేడు, 1786లో, ఇంగ్లండులో థామస్ ఫౌలర్ అనే వైద్యుడు చలిజ్వరాలకు పాషాణ (ఆర్సెనిక్) ద్రావణం ప్రకటించాడు. పాషాణం కరిగిన నీళ్లు మామూలు నీళ్లలాగే ఉంటాయి, వాసనా రాదు. దాహంతో ఎవరైనా తాగేస్తే? ఆ భయంతోనే ఫౌలర్ అందులో ఎర్ర లావెండర్ కలిపాడు. రంగు కంటికీ, వాసన ముక్కుకూ ‘ఇది మందు’ అని చెప్పాలి. మన కొండల చెక్క చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఎంతమంది ప్రాణాలు నిలిపిందో లెక్క రాసినవాళ్లు లేరు.

ఫౌలర్ ద్రావణం వందేళ్లకు పైగా చలామణిలో ఉంది. 1865లో దాన్ని రక్త క్యాన్సర్‌కూ వాడి చూశారు. అదే పాషాణం 2000లో ఒక రకం రక్త క్యాన్సర్‌కు అమెరికాలో ఆమోదం పొందింది. ఇప్పుడు ఆసుపత్రిలో నరానికి ఎక్కిస్తారు, రంగు కలపరు.