డీడాస్ దాడుల నుండి రక్షణ

డీడాస్ దాడి అనగా అనేక కంప్యూటర్ల నుండి ఒకేసారి పెద్దయెత్తున ప్యాకెట్లు పంపి, ఒక వెబ్‌సైటు గానీ సర్వరు గానీ అసలైన వాడుకరులకు అందకుండా చేయడం. దీనిని ఎదుర్కొనే సాధనాలు ముఖ్యంగా మూడు రకాలు: సర్వరులో పనిచేసే సాఫ్ట్‌వేరు, సంస్థ నెట్‌వర్కు ముఖద్వారం వద్ద ఉంచే హార్డ్‌వేరు పరికరం, దాడిని దూరంలోనే వడపోసే క్లౌడ్ సేవ. వీటి శక్తి చాలావరకు అవి ఉన్న స్థానంపై ఆధారపడి ఉంటుంది.

సాఫ్ట్‌వేరు

1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థపై సిన్ ఫ్లడ్ దాడి జరిగింది. టీసీపీ అనుసంధానం సిన్ అనే ప్యాకెట్టుతో మొదలవుతుంది. సర్వరు దానికి బదులిచ్చి, అవతలి నుండి నిర్ధారణ వచ్చేవరకు కొంత మెమరీని కేటాయిస్తుంది. తప్పుడు చిరునామాలతో పంపిన సిన్‌లకు నిర్ధారణ రాదు కనుక ఆ స్థలం నిండిపోయి, కొత్తవారికి చోటు ఉండదు. ఇందుకు విరుగుడుగా డేనియల్ జె. బెర్న్‌స్టీన్ అదే సంవత్సరం సిన్ కుకీ పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో సర్వరు మెమరీ కేటాయించక, అవసరమైన వివరాన్ని తాను పంపే వరుస సంఖ్యలోనే ఇముడుస్తుంది. లినక్సులో ఈ సౌకర్యం ఉచితంగా లభిస్తుంది. అయితే సాఫ్ట్‌వేరు పని ప్యాకెట్టు సర్వరును చేరిన తరువాతనే మొదలవుతుంది.

హార్డ్‌వేరు

ఈ పరికరాన్ని సర్వర్లకు ముందు అమర్చుతారు. ఇది ప్యాకెట్లను వేగంగా పరిశీలించి, అనుమానాస్పదమైన వాటిని తొలగించి, సర్వరుపై భారం తగ్గిస్తుంది. సమాచారం సంస్థ అధీనంలోనే ఉండడం దీని ప్రయోజనం. కానీ సంస్థకున్న లింకు సెకనుకు 1 గిగాబిట్ అయి, దాడి 10 గిగాబిట్లయితే, పరికరం ఎంత శక్తివంతమైనదైనా ఫలితం ఉండదు. దానిని చేరక ముందే లింకు నిండిపోతుంది.

క్లౌడ్

క్లౌడ్ సంస్థలు ఒకే ఐపీ చిరునామాను ప్రపంచంలోని అనేక కేంద్రాల నుండి ప్రకటించి, దాడిని ఆ కేంద్రాల మధ్య పంచుతాయి. దీనిని ఎనీకాస్ట్ అంటారు. కొన్ని సేవలు ట్రాఫిక్‌ను దారి మళ్ళించి, వడపోసి, మిగిలినదానిని వాడుకదారు సంస్థకు పంపుతాయి. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగింది. గిట్‌హబ్ తన ట్రాఫిక్‌ను అకమై సంస్థకు మళ్ళించగా, సుమారు పది నిమిషాలలో సైటు కోలుకుంది.

దీనికీ పరిమితులున్నాయి. సర్వరు అసలు ఐపీ చిరునామా బయటపడితే దాడి నేరుగా అక్కడికే రావచ్చు. హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనలను లోతుగా పరిశీలించాలంటే, వాటి గుప్తీకరణను క్లౌడ్ సంస్థ విప్పవలసి ఉంటుంది. రక్షణ కొనసాగింపు కూడా ఆ సంస్థ నిర్ణయమే. 2016 సెప్టెంబరులో పాత్రికేయుడు బ్రయాన్ క్రెబ్స్ సైటుపై సెకనుకు సుమారు 620 గిగాబిట్ల దాడి జరిగినపుడు, అప్పటివరకు ఉచితంగా రక్షణ కల్పించిన అకమై ఖర్చు కారణంగా వైదొలగింది. తరువాత గూగుల్ వారి ప్రాజెక్ట్ షీల్డ్ ఆ సైటుకు ఆశ్రయమిచ్చింది.

పోలిక

* సాఫ్ట్‌వేరు: ఖర్చు తక్కువ; చిన్న దాడులకు, సర్వరు వనరులను హరించే దాడులకు అనుకూలం.
* హార్డ్‌వేరు: కొనుగోలు, నిర్వహణ ఖర్చులు ఎక్కువ, లింకు సామర్థ్యానికి లోబడిన దాడులకు అనుకూలం.
* క్లౌడ్: లింకును ముంచెత్తే దాడులకు అనుకూలం; బయటి సంస్థపై ఆధారపడవలసి ఉంటుంది.

అందువలన పెద్ద సంస్థలు వీటిని కలిపి వాడుతుంటాయి.

ఇవి కూడా చూడండి

* ఫైర్‌వాల్
* బాట్‌నెట్
* టీసీపీ