గ్రంథాలయ శాస్త్ర శిక్షణ: కార్డు నుంచి కంప్యూటరు వరకు

భారతదేశంలో గ్రంథాలయ శిక్షణకు 1911లో బరోడాలో బీజం పడింది. మహారాజా సయాజీరావు ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ గ్రంథపాలకుడు బోర్డెన్ అక్కడ తొలి తరగతులు నిర్వహించాడు. 1929లో ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో మద్రాసులోను, 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను ఈ విద్య వేళ్లూనుకొంది. వర్గీకరణ, సూచీకరణ నాటి బోధనకు మూలస్తంభాలు. 1962లో రంగనాథన్ బెంగళూరులో స్థాపించిన డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం ఆ పునాదిపైనే సమాచార శాస్త్రాన్ని నిలిపింది. 1991లో మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటరీకరణ దిశగా నడిపించింది.

సాంకేతికత మారినా మూలసూత్రం మారలేదనడానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవమే నిదర్శనం. అందులో వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. అయితే అనేక గ్రంథాల పేర్లు రోమన్ లిపిలో, తప్పులతో నమోదయ్యాయి. దీర్ఘాలను, ళకారాన్ని గుర్తించని ఆ లిపిలో ‘కల’, ‘కళ’, ‘కాల’ ఒకే రూపం పొందుతాయి. ఫలితంగా, ఉన్న గ్రంథమే పరిశోధకునికి లేనిదవుతుంది. ఈ లోపం యంత్రానిది కాదు, సూచీకరణది.

కాబట్టి కోహా వంటి సాఫ్ట్‌వేర్లు, యూనికోడ్, మెటాడేటా ప్రమాణాలతోపాటు తెలుగు లిపి, సాహిత్య చరిత్రల పరిజ్ఞానం కూడా పాఠ్యప్రణాళికలో భాగం కావాలి. భాష తెలిసిన సాంకేతిక నిపుణుడే రేపటి గ్రంథపాలకుడు.