పక్షవాతం: మెదడు మరమ్మతుకు బయోమెటీరియల్స్

పక్షవాతంలో రక్తం అందక చచ్చిపోయిన మెదడు భాగం కొన్ని వారాల్లో కరిగి, అక్కడ గుంత మిగులుతుంది. చర్మంపై గాయంలా అది పూడదు. ఆ గుంతలోకి శరీరానికి సరిపడే మెత్తని జెల్‌ను సూదితో ఎక్కించి, పాదుకు పందిరి వేసినట్టు నాడీతంతువులకు ఆధారం కల్పించడమే టిష్యూ ఇంజనీరింగ్ ఉద్దేశం.

ఈ రంగం పునాదుల్లో ఒక తెలుగు పేరుంది. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన రవి బెల్లంకొండ, సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్ జెల్‌లో నాడీకణాలు అన్ని దిక్కులకూ తంతువులు చాచగలవని సహచరులతో కలిసి 1995లో చూపారు. జెల్ రంధ్రాలు మరీ ఇరుకైతే తంతువు సాగదు. తరువాతి పరిశోధనలకు ఇది ఎంతో విలువైన పాఠం.

పక్షవాతంపై నేరుగా జరిగిన ముఖ్య ప్రయోగం తత్యానా సెగురా, థామస్ కార్మైకేల్ బృందానిది (2018). హయలురోనిక్ ఆమ్లపు జెల్‌లో, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రోటీన్‌ను హెపారిన్ నానోకణాలకు అంటించి చిట్టెలుకల మెదడు గుంతలో నింపారు. అక్కడ కొత్త రక్తనాళాలు, వాటి వెంట నాడీతంతువులు పెరిగాయి. ఇదింకా ఆసుపత్రుల్లో దొరికే చికిత్స కాదు.

పసుపులోని కర్క్యుమిన్‌నూ జెల్‌లలో పొదిగి ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు. అంతమాత్రాన పసుపు తింటే పక్షవాతం తగ్గదు. మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా నాటుమందు కోసం తిరగక వెంటనే 108కు ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణ గడువు నాలుగున్నర గంటలే.