పాత డెస్క్‌టాప్ కంప్యూటర్: బాగుచేయించాలా, మార్చాలా?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వచ్చి స్థిరపడిన చేనేత, మరమగ్గాల కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడిపే నగరమిది. సాంచాల ఖాతాలు, బట్టల చలాన్లు, ఎంబ్రాయిడరీ నమూనాలు, తెలుగు పెళ్లిపత్రికలు, పిల్లల చదువులు అన్నింటికీ ఇంట్లోనో దుకాణంలోనో ఒక డెస్క్‌టాప్ కంప్యూటరే ఆధారమైన కుటుంబాలకు ఇప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతోంది. మెషిన్ పనిచేస్తూనే ఉంది, కానీ నెమ్మదించింది. పైగా ‘మద్దతు ముగిసింది’ అనే హెచ్చరిక తెరపై కనబడుతోంది. దీన్ని మెరుగుపరచుకోవాలా, కొత్తది కొనాలా?

ఇందులో నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి వేగం, రెండోది భద్రత. తగ్గిన వేగాన్ని చాలాసార్లు ఒకటి రెండు భాగాలు మార్చి తిరిగి తెచ్చుకోవచ్చు. ముగిసిన భద్రతా మద్దతు అలా తిరిగి రాదు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

2017 ఎందుకు ముఖ్యం?

విండోస్ 10 విడుదలైనది 2015 జూలై 29న. దానికి ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. ఆ తర్వాత కూడా కంప్యూటర్ ఆగిపోదు. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు అందవు. బ్యాంకు లావాదేవీలు, పన్ను రిటర్నులు నడిచే మెషిన్‌కు ఇది చిన్న విషయం కాదు.

వ్యక్తిగత వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకాన్ని ప్రకటించింది. విండోస్ 10 చివరి రూపమైన 22హెచ్2 ఉన్న కంప్యూటర్లు ఇందులో చేరవచ్చు. ఈ పథకం కింద భద్రతా నవీకరణలు 2026 అక్టోబర్ 13 వరకు అందుతాయి. సంస్థల కోసం వేరే రుసుముతో మరో పథకం ఉంది. ఏదైనా, ఇది ఆలోచించుకోవడానికి దొరికిన గడువే గాని శాశ్వత పరిష్కారం కాదు.

విండోస్ 11కు మారాలంటే కొన్ని అర్హతలు ఉండాలి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం కావాలి. వీటికి మించి, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ అవసరం. స్థూలంగా చెప్పాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి అర్హత మొదలవుతుంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

చిన్న వ్యాపారులకు చిక్కు ఇక్కడే వచ్చింది. జీఎస్టీ అమల్లోకి వచ్చినది 2017 జూలై 1న. రిటర్నులు ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవలసి రావడంతో కంప్యూటర్ అవసరం చిన్న దుకాణాలకూ వచ్చింది. ఇంటెల్ 7వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అదే ఏడాది జనవరిలో, 8వ తరం అక్టోబర్‌లో వచ్చాయి. అంటే జీఎస్టీ తొలి రోజుల్లో కొన్న ఇంటెల్ మెషిన్లు సరిహద్దుకు అవతలి వైపు మిగిలిపోయాయి. ఏడాది తర్వాత కొన్న వాటిలో చాలా భాగం ఇవతలి వైపు ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రాసెసర్ పేరు చూసి తరాన్ని గుర్తించవచ్చు. ‘కోర్ ఐ5-7400’ అని ఉంటే 7వ తరం, ‘కోర్ ఐ5-8400’ అని ఉంటే 8వ తరం. నాలుగు అంకెల సంఖ్యలో మొదటి అంకె తరాన్ని సూచిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ కార్యక్రమాన్ని నడిపితే అర్హత ఉన్నదీ లేనిదీ స్పష్టంగా తెలుస్తుంది.

‘టీపీఎం లేదు’ అన్న సమాధానం వచ్చినంత మాత్రాన నిరాశపడనక్కర లేదు. చాలా మదర్‌బోర్డులలో అది ఉన్నా, బయాస్ అమరికల్లో ఆపి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో ‘పీటీటీ’, ఏఎండీ బోర్డుల్లో ‘ఎఫ్‌టీపీఎం’ అనే పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేయడానికి ఖర్చు లేదు. అర్హత లేని మెషిన్లలో విండోస్ 11ను అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. అలాంటి కంప్యూటర్లకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. లెక్కల పుస్తకాలు ఉన్న మెషిన్‌పై ఆ ప్రయోగం తగదు.

ముందు డేటా, తర్వాతే స్క్రూడ్రైవర్

ఏ మార్పుకైనా ముందు చేయవలసిన పని ఒకటే: ఫైళ్లకు నకలు తీయడం. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలను, సంబంధిత పత్రాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. హార్డ్ డిస్క్ పోయిందన్నది దీనికి సమాధానం కాదు.

ఒక నకలు బయటి హార్డ్ డిస్క్‌లో, మరొకటి వేరే భవనంలో గాని ఆన్‌లైన్ నిల్వలో గాని ఉండడం మేలు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి, సూరత్‌లో అధిక భాగం మునిగిపోయింది. కంప్యూటర్, దాని పక్కనే ఉంచిన నకలు రెండూ ఒకే వరదలో పోగలవు.

తెలుగు డీటీపీ చేసేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. యూనికోడ్‌కు ముందు నాటి అను వంటి ఖతులలో చేసిన ఫైళ్లు, ఆ ఖతి లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. పాత మెషిన్ పనిచేస్తుండగానే ముఖ్యమైన వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. కనీసం పీడీఎఫ్‌గానైనా భద్రపరచుకోవాలి.

నెమ్మదికి కారణం ఎక్కడ ఉంది?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. రోజూ చేసే పని చేస్తూ అందులోని సీపీయూ, మెమరీ, డిస్క్ శాతాలను గమనించాలి. ఏది తరచు 100 శాతం దగ్గర నిలిచిపోతుందో చిక్కు అక్కడ ఉన్నట్లు.

డిస్క్ అయితే: పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే, ఒక ముల్లు సమాచారాన్ని వెతికి చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. పాత సాటా తీగకే కలిపినా సెకనుకు దాదాపు 500 ఎంబీ వేగం అందుతుంది. హార్డ్ డిస్క్‌లలో అది సాధారణంగా 100 నుంచి 200 ఎంబీ మధ్య ఉంటుంది. చిన్న చిన్న ఫైళ్లను వెతికే విషయంలో తేడా ఇంకా ఎక్కువ. పదేళ్ల నాటి మెషిన్‌లో కంటికి కనిపించే మార్పు తెచ్చేది ఇదే. పాత డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోవడానికి మొరాయిస్తున్నా దాన్ని మార్చడంలో ఆలస్యం చేయరాదు.

మెమరీ అయితే: 4 జీబీ ర్యామ్‌తో నేటి బ్రౌజర్లు ఇబ్బంది పడతాయి. సాధారణ కార్యాలయ పనికి 8 జీబీ, ఎంబ్రాయిడరీ నమూనాలు, ఫొటోలు, డీటీపీ పనికి 16 జీబీ అనుకూలం. కొనేముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు. రెండోది, 32 బిట్ విండోస్ సుమారు 4 జీబీకి మించి ర్యామ్‌ను వాడుకోలేదు. 64 బిట్‌కు మారకుండా ర్యామ్ పెంచితే ఫలితం ఉండదు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి పాత ధర గుర్తుపెట్టుకుని బయలుదేరకుండా, ఆ రోజు ధర కనుక్కోవడం మంచిది.

సీపీయూ అయితే: ముందుగా అనుమానించవలసింది దుమ్మును. మగ్గాలు, ఎంబ్రాయిడరీ మెషిన్లు నడిచే చోట దారపు పీచు గాలిలో తేలుతూ, సీపీయూపై తిరిగే ఫ్యాన్ వెనుక తెరలా పేరుకుంటుంది. వేడి పెరిగినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. కరెంటు తీసి, గాలితో శుభ్రం చేయించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పిస్తే చాలా మెషిన్లు తేరుకుంటాయి.

గడియారం మాటిమాటికీ వెనక్కు పోతూ, వెబ్‌సైట్లు ‘సురక్షితం కాదు’ అంటూ తెరుచుకోకపోతే మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్లు అనుకోవచ్చు. అది మార్చడం అతి తక్కువ ఖర్చుతో అయ్యే మరమ్మతు.

ప్రాసెసర్ మార్చడం ఎప్పుడు లాభం?

చాలాసార్లు లాభం ఉండదు. ఇంటెల్ 7వ తరం, 8వ తరం ప్రాసెసర్లు అమర్చే సాకెట్‌కు ఒకే పేరు, ఎల్‌జీఏ 1151. అయినా 7వ తరం బోర్డు 8వ తరం ప్రాసెసర్‌ను అధికారికంగా అంగీకరించదు. అంటే ప్రాసెసర్‌తో పాటు మదర్‌బోర్డు, తరచుగా ర్యామ్ కూడా మార్చవలసి వస్తుంది. అప్పటికి మిగిలేది పెట్టె, తీగలే. ఏఎండీ ఏఎం4 బోర్డులు కొంత మినహాయింపు. వాటిలో చాలా రకాలు బయాస్ నవీకరణ తర్వాత రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్లను తీసుకుంటాయి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవచ్చు. అర్హత ఉన్న మెషిన్ అయితే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, శుభ్రత, ఈ మూడింటితో మరికొన్నేళ్లు నిశ్చింతగా నడుస్తుంది. అర్హత లేనిదై, మదర్‌బోర్డు కూడా మార్చక తప్పని పరిస్థితి వస్తే ఆ డబ్బును మరో మెషిన్‌పై పెట్టడమే మేలు. ముందుగా కొన్న ఎస్‌ఎస్‌డీ వృథా కాదు. దాన్ని కొత్త మెషిన్‌లోకి మార్చుకోవచ్చు. పాత డీడీఆర్3 ర్యామ్‌కు ఆ అవకాశం లేదు. ఏది ముందు కొనాలన్న ప్రశ్నకు ఇదొక ఆచరణాత్మక సమాధానం.

అర్హత లేని మెషిన్‌కు మిగిలిన దారులు

ఇంటర్నెట్, టైపింగ్, చదువు వంటి పనులకే వాడే మెషిన్ అయితే ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలకు మారవచ్చు. భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ ‘బాస్’ పేరుతో స్వదేశీ లినక్స్‌ను రూపొందించింది. తెలుగు యూనికోడ్ టైపింగ్‌కు వీటిలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది. అయితే విండోస్ కోసం చేసిన ట్యాలీ, ఎంబ్రాయిడరీ, డీటీపీ సాఫ్ట్‌వేర్లు వీటిపై నేరుగా నడవవు. జీవనాధారం ఆ సాఫ్ట్‌వేర్‌పైనే ఉంటే ఈ దారి సరిపడదు.

ఒకే యంత్రాన్ని నడపడానికో, పాత ఫైళ్లు తెరవడానికో వాడే కంప్యూటర్ అయితే, ఇంటర్నెట్ తీగ తీసేసి అలాగే కొనసాగించవచ్చు. అప్పుడు కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ రాగలదన్నది మరవకూడదు.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లలో కంపెనీలు వాడి వదిలిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. కొనేముందు ప్రాసెసర్ తరం, డిస్క్ ఆరోగ్యం, అసలైన విండోస్ లైసెన్సు, బిల్లు, వారంటీ తప్పక చూడాలి. 7వ తరం మెషిన్ ఎంత చవకగా వచ్చినా, అది పాత చిక్కును మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమే.

చలాన్ల కోసం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వాడేవారు దాని తీగను కూడా చూసుకోవాలి. పాత ప్రింటర్ల ప్యారలల్ పోర్టు కొత్త మదర్‌బోర్డుల్లో సాధారణంగా ఉండదు. అదనపు కార్డు గాని, మార్పిడి తీగ గాని అవసరమవుతుంది. కంప్యూటర్ కొనే రోజే ఆ ప్రింటర్‌తో పరీక్షించమని దుకాణదారును కోరడం ఉత్తమం.

పాతదాన్ని వదిలించుకునే ముందు

ఫైళ్లను డిలీట్ చేయడం, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయడం సరిపోదు. వాటిని తిరిగి వెలికితీయవచ్చు. డిస్క్‌ను పూర్తిగా తుడిచివేసే కార్యక్రమం వాడాలి, లేదా డిస్క్‌ను తీసి తమ వద్దే ఉంచుకోవాలి. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఈ-వ్యర్థాలను నమోదైన రీసైక్లర్లే శుద్ధి చేయాలి. తుక్కు వ్యాపారికి ఇస్తే, రాగి కోసం తీగలను బహిరంగంగా కాల్చే ప్రమాదం ఉంటుంది. అందులోని సీసం వంటి విష లోహాలు నేలలోకి, నీటిలోకి చేరతాయి.

సంక్షిప్తంగా

మొదట నకలు తీయండి. రెండోది, ప్రాసెసర్ తరం చూడండి. మూడోది, ఖర్చులేని పనులు, అంటే శుభ్రత, బయాస్ అమరికలు పూర్తి చేయండి. నాలుగోది, టాస్క్ మేనేజర్ చూపిన చోటనే డబ్బు పెట్టండి. మదర్‌బోర్డు మార్చాలన్న మాట వచ్చినప్పుడు ఆగి, కొత్త మెషిన్ ధరతో పోల్చి చూడండి. మెషిన్ వయసు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. దానిపై మీరు చేసే పని, దానిలో ఉన్న సమాచారం, దానికి అందుతున్న భద్రతా మద్దతు, ఈ మూడూ చూశాకే బాగుచేయించడమా, మార్చడమా అన్నది తేల్చుకోండి.