కాపలాదారు దగ్గరే లోపం: విండోస్ డిఫెండర్‌లో 12 ఏళ్లు దాగిన పొరపాటు

కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఉంటే చాలు, ఇంక భయం లేదని చాలామంది అనుకుంటారు. మరి ఆ యాంటీవైరస్‌లోనే లోపం ఉంటే? విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ విషయంలో ఇదే జరిగింది. కనీసం 2009 నుంచి అందులో ఉన్న ఒక లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2021 ఫిబ్రవరి 9న సరిచేసింది. అంటే దాదాపు 12 ఏళ్లు అది ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఈ లోపానికి సీవీఈ-2021-24092 అనే నంబరు ఇచ్చారు. తీవ్రత 10కి 7.8గా లెక్కగట్టారు.

దీన్ని కనిపెట్టింది సెంటినెల్‌వన్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పరిశోధకుడు కాసిఫ్ డెకెల్. 2020 నవంబర్‌లో విషయం మైక్రోసాఫ్ట్‌కు చేరింది. సవరణ వచ్చిన తర్వాతే వివరాలు బయటపెట్టారు. ఈ లోపాన్ని ఎవరైనా నిజంగా వాడుకున్నట్టు ఆధారాలు దొరకలేదని సెంటినెల్‌వన్ అప్పట్లో చెప్పింది. విండోస్ 10 వాడే పరికరాలు వంద కోట్లు దాటాయని మైక్రోసాఫ్ట్ 2020 మార్చిలోనే ప్రకటించింది. డిఫెండర్ వాటన్నిటితో పాటు వచ్చేదే. అందుకే ఈ చిన్న పొరపాటుకు అంత ప్రాధాన్యం వచ్చింది.

అసలు ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటే ఏమిటి?

విండోస్‌లో అందరికీ ఒకే అధికారం ఉండదు. స్టాండర్డ్ అకౌంట్‌తో లాగిన్ అయినవాళ్లు తమ ఫైళ్లు తెరవొచ్చు, టైపు చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలన్నా, విండోస్ సొంత ఫైళ్లు మార్చాలన్నా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. అడ్మినిస్ట్రేటర్ కంటే పైన 'సిస్టమ్' అనే అకౌంట్ ఉంటుంది. దానితో మనుషులెవరూ లాగిన్ అవ్వరు. విండోస్ తన సొంత పనులకు దాన్ని వాడుకుంటుంది. వీటన్నిటి కింద కెర్నల్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అదే. అక్కడ నడిచే ప్రోగ్రామ్‌ను ఆపేవాళ్లు దాదాపు ఉండరు.

తక్కువ అధికారం ఉన్న అకౌంట్ నుంచి, ఏదో ఒక లోపం పట్టుకుని పై అధికారానికి ఎగబాకడాన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. దాడి చేసేవాడికి ఆ కంప్యూటర్‌లో ముందే కాస్త చోటు దొరికి ఉండాలి కాబట్టి దీనికి 'లోకల్' అనే మాట చేరింది. చోటు దొరకడమంటే ఎదురుగా వచ్చి కూర్చోవడమే కానక్కర్లేదు. పెన్ డ్రైవ్‌లో వచ్చిన ప్రోగ్రామ్ కావచ్చు, మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ కావచ్చు.

యాంటీవైరస్‌కు అంత అధికారం ఎందుకు?

వైరస్ ఎక్కడ దాక్కుంటుందో ముందే తెలియదు. అందుకే యాంటీవైరస్ ప్రతి ఫోల్డర్‌లోకీ వెళ్లగలగాలి, మొండికేసిన ఫైలును కూడా తీసేయగలగాలి. ఈ పనులు మామూలు అకౌంట్‌తో అయ్యేవి కావు. అందుకని దాదాపు అన్ని యాంటీవైరస్‌లూ సిస్టమ్ అధికారంతో నడుస్తాయి. కొన్ని భాగాలు డ్రైవర్ల రూపంలో ఏకంగా కెర్నల్‌లోనే పనిచేస్తాయి.

ఇది కాలనీ వాచ్‌మన్‌కు అన్ని ఇళ్ల తాళంచెవులు ఇచ్చినట్టే. ఇవ్వకపోతే ఆయన పని సాగదు. ఇస్తే, ఆయన ఏమరుపాటుగా ఉన్న ఒక్క క్షణం కూడా అన్ని ఇళ్లకూ ముప్పే. యాంటీవైరస్‌లో లోపం మామూలు సాఫ్ట్‌వేర్‌లో లోపం కంటే ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

డిఫెండర్‌లో జరిగిందేమిటి?

కొన్ని వైరస్‌లు విండోస్ నడుస్తున్నప్పుడు ఎంత తీసినా పోవు. అట్లాంటి వాటిని తొలగించడానికి డిఫెండర్ దగ్గర బీటీఆర్ డాట్ సిస్ అనే డ్రైవర్ ఉంది. బీటీఆర్ అంటే బూట్ టైమ్ రిమూవల్. వైరస్ సృష్టించిన ఫైళ్లను, రిజిస్ట్రీలో అది రాసిన వాటిని ఈ డ్రైవర్ కెర్నల్ స్థాయి నుంచి తుడిచేస్తుంది.

తను ఏమేం చేసిందో ఆ డ్రైవర్ ఒక లాగ్ ఫైలులో రాసుకుంటుంది. విండోస్ ఫోల్డర్‌లో ఉండే టెంప్ ఫోల్డర్‌లో, బూట్‌క్లీన్ డాట్ లాగ్ అనే పేరుతో ఆ ఫైలు తయారవుతుంది. చోటూ మారదు, పేరూ మారదు. లోపం ఇక్కడే ఉంది. ఆ పేరుతో అక్కడ ఉన్నది నిజంగా తన లాగ్ ఫైలేనా, లేక వేరే ఫైలుకు వేసిన లింకా అని డ్రైవర్ చూడలేదు.

విండోస్‌లో ఒకే ఫైలుకు రెండు పేర్లు పెట్టొచ్చు. దీన్ని హార్డ్ లింక్ అంటారు. ఏ పేరుతో తెరిచినా లోపల ఉన్నది ఒకటే. దాడి చేసేవాడు ముందుగానే టెంప్ ఫోల్డర్‌లో బూట్‌క్లీన్ డాట్ లాగ్ అనే పేరుతో ఒక హార్డ్ లింక్ పెట్టి, దాన్ని తనకు ముట్టుకునే హక్కు లేని ఫైలు వైపు తిప్పి ఉంచితే చాలు. డ్రైవర్ వచ్చి తన లాగ్ అనుకుని దాని మీద రాసేస్తుంది. అలా పోయేది లాగ్ కాదు, ఆ అసలు ఫైలు.

దుకాణం లెక్కల్లో చెప్పుకుంటే ఇంకా తేలిక. వాచ్‌మన్ రోజూ రాత్రి బల్ల మీది రిజిస్టర్ తీసి మొదటి పేజీ నుంచి కొత్తగా రాస్తాడనుకుందాం. ఎవరో యజమాని లెడ్జర్ మీద 'వాచ్‌మన్ రిజిస్టర్' అని చీటీ అంటించి బల్ల మీద పెట్టారు. లెడ్జర్ ముట్టుకునే హక్కు ఆ చీటీ అంటించినవాడికి లేదు. వాచ్‌మన్ కూడా కావాలని ఏమీ చెడగొట్టలేదు. తెరిచి చూడకుండా రాశాడు, అంతే. లెడ్జర్ మాత్రం పోయింది.

12 ఏళ్లు ఎవరూ ఎందుకు చూడలేదు?

సెంటినెల్‌వన్ దీనికి ఒక కారణం చెప్పింది. మామూలుగా డ్రైవర్లు హార్డ్ డిస్క్‌లో ఎప్పుడూ ఉంటాయి. పరిశోధకులు వాటిని తీసి పరీక్షించగలరు. ఈ డ్రైవర్ అట్లా ఉండదు. డిఫెండర్‌కు అవసరం పడినప్పుడు మాత్రమే ఏదో ఒక పేరుతో డిస్క్ మీదకు వస్తుంది, పని చేస్తుంది, మళ్లీ తుడిచేయబడుతుంది. కనిపించని దాన్ని వెతికేవాళ్లు తక్కువ.

ఈ లోపం విండోస్ డిఫెండర్‌కే పరిమితం కాలేదు. అదే ఇంజిన్ వాడిన మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్, ఆఫీసుల్లో వాడే ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ వంటి వాటిలోనూ ఉంది.

లోకల్ అంటే ప్రమాదం తక్కువా?

దూరం నుంచి నేరుగా లోపలికి వచ్చే లోపాలతో పోల్చితే లోకల్ లోపం ఒక్కటే అంత పని చేయలేదు. అయితే దాడులు చాలావరకు ఒకే లోపంతో జరగవు. మొదటి లోపంతో గడప దాటుతారు, రెండోదాంతో బీరువా తెరుస్తారు.

దీనికి ఉదాహరణ డిఫెండర్‌లోనే ఉంది. ఈ సవరణకు సరిగ్గా నాలుగు వారాల ముందు, 2021 జనవరి 12న, మైక్రోసాఫ్ట్ ఇదే ఇంజిన్‌లో మరో లోపాన్ని సరిచేసింది. దాని నంబరు సీవీఈ-2021-1647. తయారుచేసి పంపిన ఫైలును డిఫెండర్ స్కాన్ చేస్తే, ఆ ఫైలులోని కోడ్ నడిచే లోపం అది. సవరణ వచ్చేనాటికే దాన్ని దాడుల్లో వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. జనవరి లోపాన్ని సరిచేసిన ఇంజిన్ 1.1.17700.4. అదే ఇంజిన్‌లో ఫిబ్రవరి లోపం ఇంకా ఉంది. దాన్ని తీసేసింది 1.1.17800.5 ఇంజిన్. అంటే జనవరిలో అప్‌డేట్ చేసుకుని, ఇంక చాలులే అని ఆపేసినవాళ్ల కంప్యూటర్‌లో రెండో తలుపు తెరిచే ఉంది.

ఒక్క డిఫెండర్ కథే కాదు

2017 నవంబర్‌లో ఆస్ట్రియాకు చెందిన ఫ్లోరియన్ బోగ్నర్ 'ఏవీగేటర్' అనే పేరుతో ఇలాంటి లోపాన్నే బయటపెట్టారు. యాంటీవైరస్ పట్టి పక్కన పెట్టిన ఫైలును తిరిగి పాత చోటుకు పంపేటప్పుడు, ఆ చోటును దారి మళ్లిస్తే ఫైలు వెళ్లకూడని ఫోల్డర్‌లోకి వెళ్లేది. ట్రెండ్ మైక్రో, కాస్పర్‌స్కై, మాల్‌వేర్‌బైట్స్ సహా పలు కంపెనీల ఉత్పత్తుల్లో ఇది కనబడింది. ఆ కంపెనీలు సవరణలు ఇచ్చాయి.

2021 డిసెంబర్‌లో సెంటినెల్‌వన్ అవాస్ట్, ఏవీజీ యాంటీవైరస్‌ల డ్రైవర్‌లో రెండు లోపాలు పట్టుకుంది. ఆ డ్రైవర్ అప్పటికే ఏళ్లుగా వాడుకలో ఉంది. 2022 ఫిబ్రవరిలో 22.1 వర్షన్‌తో వాటిని సరిచేశారు. కానీ కథ అక్కడితో ఆగలేదు. అవాస్ట్ పాత డ్రైవర్‌ను ఏవోస్‌లాకర్ అనే రాన్సమ్‌వేర్ ముఠా తనతో పాటు తెచ్చుకుని, బాధితుల కంప్యూటర్లలో యాంటీవైరస్‌లను ఆపడానికి వాడిందని 2022 మేలో ట్రెండ్ మైక్రో తెలిపింది. ఆ డ్రైవర్ మీద అసలైన డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి విండోస్ దాన్ని నమ్మి లోపలికి రానిచ్చింది.

మన కంప్యూటర్‌లో చూసుకోవడం ఎట్లా?

విండోస్ 10, 11లలో స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవాలి. ఎడమవైపు కింద సెట్టింగ్స్ ఉంటుంది. అందులో అబౌట్ నొక్కితే ఇంజిన్ వర్షన్ కనబడుతుంది. నంబరులోని మూడో భాగం 17800 లేదా అంతకంటే పెద్దదైతే ఈ ఫిబ్రవరి లోపం సరిచేసినట్టే. అప్‌డేట్లు సవ్యంగా వస్తున్న కంప్యూటర్‌లో ఈ నంబరు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇంకా దానికంటే తక్కువ చూపిస్తోందంటే అసలు సమస్య వేరే. ఏళ్లుగా అప్‌డేట్లే రావడం లేదన్నమాట. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ప్రొటెక్షన్ అప్‌డేట్స్ కింద చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి చూడాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ కంప్యూటర్లు వాడేవాళ్లు 11కు మారగలరేమో చూసుకోవడం మంచిది.

జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే దుకాణాల వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. రోజుకు ఎంతోమంది పెన్ డ్రైవ్‌లు అక్కడి కంప్యూటర్‌లోకి వెళ్తాయి. జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు అందులోనే ఉంటాయి. పనివాళ్లకు స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ యజమాని దగ్గర ఉంచుకోవాలి. అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే కూర్చుంటే దాడి చేసేవాడికి ఇట్లాంటి లోపంతో పనే పడకపోవచ్చు. కస్టమర్ కాగితాల స్కాన్‌లు పని అయిపోగానే తీసేయడం కూడా అలవాటు చేసుకోవాలి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మరి యాంటీవైరస్ తీసేయాలా?

తీసేయకూడదు. వాచ్‌మన్ ఒకసారి పొరపాటు చేశాడని కాలనీకి కాపలానే వద్దనుకోం కదా. డిఫెండర్ ఇంజిన్ మామూలుగా తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. ఫిబ్రవరి లోపం చాలా కంప్యూటర్లలో వాడేవాళ్లకు తెలియకుండానే పోయింది. అలా పోవాలంటే అప్‌డేట్లు ఆన్‌లో ఉండాలి, నెట్ అందాలి. కంప్యూటర్ నెమ్మదిస్తోందనో, డేటా అయిపోతోందనో అప్‌డేట్లు ఆపించిన చోట మాత్రం ఇప్పటికీ ఆ పాత ఇంజినే ఉండొచ్చు. ఒక్కసారి ఇంజిన్ నంబరు చూసుకుంటే ఆ సంగతి తేలిపోతుంది. దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.