జపాన్ నుంచి తెచ్చిన ఫోన్ మన సిమ్‌తో పనిచేస్తుందా? చేతికిచ్చే ముందు చూడాల్సినవి

ఉద్యోగం మీదో, చదువు మీదో, కంపెనీ శిక్షణకో జపాన్ వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు అక్కడి ఫోన్ తెస్తుంటారు. జపాన్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్లు శుభ్రంగా ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఇక్కడ మన సిమ్ వేస్తే సిగ్నల్ గీతలు కనబడతాయి, వాట్సాప్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది. ఫోన్ బాగుందనుకుంటాం. రెండు రోజులయ్యాక తెలుస్తుంది, ఆ నంబరుకు ఎవరు కాల్ చేసినా మోగడం లేదని.

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. ఆస్పత్రి నుంచి వచ్చే కాల్, బ్యాంకు ఓటీపీ, అత్యవసరంలో 112కు చేసే కాల్ అన్నీ ఆ ఫోన్ మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే జపాన్ ఫోన్ బయటి దేశాల నెట్‌వర్క్‌లలో ఎప్పుడు పనిచేస్తుందో, ఎక్కడ మొండికేస్తుందో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

జపాన్ ఫోన్లకే ఈ చిక్కు ఎందుకు?

మన దేశంలో 1995లో మొబైల్ సేవలు మొదలైనప్పుడు జీఎస్ఎం పద్ధతిని తీసుకున్నాం. ప్రపంచంలో చాలా దేశాలదీ అదే దారి. జపాన్ మాత్రం 1993లో పీడీసీ అనే సొంత పద్ధతితో 2జీ మొదలుపెట్టింది. జీఎస్ఎం నెట్‌వర్క్ జపాన్‌లో ఎప్పుడూ లేదు. 1999లో డొకోమో ఐ-మోడ్ పేరుతో ఫోన్‌లోనే ఈమెయిల్, ఇంటర్నెట్ సేవలు తెచ్చింది. 2001లో ఫోమా పేరుతో 3జీని ప్రపంచంలో అందరికంటే ముందు వాడుకలోకి తెచ్చింది. ఫోన్లు ఎంతో ముందుకెళ్లాయి, కాని అవి సొంత దేశం దాటితే పనికొచ్చేవి కావు. దూరపు దీవుల్లో వేరుగా పెరిగిన జీవుల్లాంటివని జపాన్ వాళ్లే వాటికి గలాపగోస్ ఫోన్లని పేరు పెట్టుకున్నారు. గారకే అన్న మాట అలా పుట్టింది.

ఏయూ కంపెనీది ఇంకో తిక్క. దాని సీడీఎంఏ ఫోన్లు 800 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేవి. మిగతా ప్రపంచంలో ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే తరంగం కింది భాగంలో, టవర్ నుంచి వచ్చేది పై భాగంలో ఉండేవి. జపాన్‌లో ఇది తలకిందులుగా ఉండేది. ఆ పాత ఏర్పాటును 2012 నాటికి మార్చారు.

కొందరు, టాటా డొకోమో మన దగ్గర ఉండేది కదా, డొకోమో ఫోన్ ఇక్కడ తప్పకుండా పనిచేస్తుందనుకుంటారు. 2009లో వచ్చిన టాటా డొకోమో ఇక్కడ నడిపింది జీఎస్ఎం సేవలే. జపాన్ కంపెనీకి అందులో వాటా ఉండేది, అంతే. పేరు ఒకటైనంత మాత్రాన అక్కడి ఫోన్ ఇక్కడ కుదరదు.

ఇప్పటి 4జీ, 5జీ ఫోన్లు ఇంత వేరుగా ఉండవు. అయినా నాలుగు పరీక్షలు మిగిలాయి.

మొదటిది: సిమ్ లాక్

జపాన్ కంపెనీలు చాలాకాలం తమ సిమ్ తప్ప వేరే సిమ్ పనిచేయకుండా ఫోన్‌కు తాళం వేసి అమ్మేవి. డొకోమో 2011లో కొత్త మోడళ్లకు తాళం తీయడం మొదలుపెట్టింది. 2015 మే తర్వాత వచ్చిన ఫోన్లకు, అడిగితే తాళం తీయాలని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. 2021 అక్టోబర్ 1 నుంచి కొత్త ఫోన్లకు సిమ్ లాక్ వేయడాన్నే దాదాపుగా ఆపించింది. కాబట్టి ఫోన్ ఏ సంవత్సరానిదో ముందు తెలుసుకోండి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది. సిమ్ పరిమితులు లేవని అక్కడ ఉంటే తాళం లేనట్టే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోన్ వివరాల పేజీలో సిమ్ లాక్ స్టేటస్ కనబడుతుంది. తాళం ఉంటే జపాన్‌లో ఉండగానే తీయించుకోవడం మంచిది. అక్కడి కంపెనీ వెబ్‌సైటులో అయ్యే పని ఇక్కడికొచ్చాక తలనొప్పి అవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. జపాన్ సిమ్‌తోనే చెన్నై విమానాశ్రయంలో దిగాం, కాల్స్ వచ్చాయి కాబట్టి తాళం లేదనుకుంటారు. అది రోమింగ్. సిమ్ జపాన్‌దే కనుక తాళం అడ్డు పడలేదు. భారతీయ సిమ్ వేసి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది.

రెండోది: బాకీ ఉన్న ఫోన్

జపాన్‌లో ఫోన్లను వాయిదాల మీద ఎక్కువగా కొంటారు. వాయిదాలు కట్టకపోతే కంపెనీ ఆ ఐఎంఈఐ నంబరును తన నెట్‌వర్క్‌లో ఆపేస్తుంది. అలాంటి ఫోన్‌ను అక్కడ అకా రోమ్, అంటే ఎర్ర ఫోన్ అంటారు. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో ప్రతి ఫోన్ మీదా ఒక గుర్తు ఉంటుంది. సున్నా అంటే అడ్డు లేదు, త్రిభుజం అంటే బాకీ ఇంకా తీరలేదు, ఇంటూ గుర్తు అంటే ఆపేశారు. సున్నా గుర్తు ఉన్నదే తీసుకోండి. ఐఎంఈఐ నంబరు ఇస్తే ఈ స్థితిని చూపించే పేజీ అక్కడి కంపెనీల వెబ్‌సైట్లలో ఉంటుంది.

ఇక్కడ ఎవరి దగ్గరైనా జపాన్ ఫోన్ కొంటుంటే *#06# నొక్కి ఐఎంఈఐ చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబరు రాసి 14422కు మెసేజ్ పంపండి. వచ్చిన జవాబులోని కంపెనీ, మోడల్ చేతిలో ఉన్న ఫోన్‌తో కలవకపోతే కొనకండి.

మూడోది: బ్యాండ్లు

టవర్, ఫోన్ ఒకే బ్యాండ్‌లో మాట్లాడుకోవాలి. మన దగ్గర 4జీకి ప్రధానంగా వాడేవి ఇవి:

- జియో: బ్యాండ్ 3, బ్యాండ్ 5, బ్యాండ్ 40
- ఎయిర్‌టెల్: బ్యాండ్ 1, 3, 8, 40
- వొడాఫోన్ ఐడియా: బ్యాండ్ 1, 3, 8, కొన్ని సర్కిళ్లలో 40, 41
- బీఎస్ఎన్ఎల్: బ్యాండ్ 1, 28

జపాన్‌లో బ్యాండ్ 1, 3 దాదాపు అన్ని ఫోన్లలోనూ ఉంటాయి. బ్యాండ్ 28 కూడా చాలావాటిలో ఉంటుంది. సాఫ్ట్‌బ్యాంక్ ఫోన్లలో బ్యాండ్ 8 ఉంటుంది. తేడా వచ్చేది రెండు చోట్ల. 2300 మెగాహెర్ట్జ్‌లో ఉండే బ్యాండ్ 40 జపాన్‌లో చాలాకాలం మొబైల్ వాడుకలో లేదు. అందుకే అక్కడి కోసమే చేసిన కొన్ని మోడళ్లలో అది ఉండదు. ఇక 800 దగ్గర డొకోమో వాడేది బ్యాండ్ 19. తరంగాల లెక్కలో అది బ్యాండ్ 5 లోపలే ఉంటుంది. అయినా ఫోన్‌లో బ్యాండ్ 5 అని విడిగా లేకపోతే జియో టవర్‌ను పట్టుకుంటుందన్న భరోసా లేదు. ఇళ్ల లోపలికి, పల్లెలకు బాగా అందేవి ఈ తక్కువ తరంగాలే. అవి లేని ఫోన్ వీధిలో పనిచేసి వంటింట్లో చచ్చుబడుతుంది.

5జీకి ఎన్78 ఉండాలి. జియోకు ఎన్28 కూడా ఉంటే మేలు.

సర్కిల్‌ను బట్టి కూడా తేడా ఉంటుంది. హోసూరు తమిళనాడు సర్కిల్, బళ్లారి కర్ణాటక, బరంపురం ఒడిశా, షోలాపూర్ మహారాష్ట్ర, యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిల్. చెన్నైలో బాగా పనిచేసిన ఫోన్ అదే కంపెనీ సిమ్‌తో బరంపురంలో అంత బాగా పనిచేయకపోవచ్చు. ఫోన్ ఉండబోయే ఊళ్లోనే పరీక్షించాలి.

నాలుగోది: వోల్టే. అసలు మెలిక ఇదే

పైవన్నీ సరిపోయినా కాల్స్ రాకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. 4జీ అనేది పుట్టుకతో డేటా కోసం. అందులో మాట వెళ్లాలంటే వోల్టే ఉండాలి. ఫోన్‌లో వోల్టే ఉంటే సరిపోదు, ఫలానా భారతీయ కంపెనీకి తగిన అమరిక ఆ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. డొకోమో కోసం చేసిన ఫోన్‌లో డొకోమో అమరిక ఉంటుంది. జియోది, ఎయిర్‌టెల్‌ది ఉంటుందన్న నమ్మకం లేదు.

వోల్టే పనిచేయకపోతే ఫోన్ కాల్ కోసం పాత నెట్‌వర్క్‌కు దిగుతుంది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలకు ఇంకా 2జీ ఉంది. ఫోన్‌లో జీఎస్ఎం ఉంటే కాల్ అలా నెట్టుకొస్తుంది. జియోకు 2జీ, 3జీ రెండూ లేవు. కాబట్టి వోల్టే కుదరని ఫోన్‌లో జియో సిమ్ వేస్తే డేటా నడుస్తుంది, కాల్ నడవదు. ఓటీపీ మెసేజ్‌లకూ ఇబ్బంది రావచ్చు. గీతలు నిండుగా ఉన్నా ఫోన్ మోగకపోవడానికి కారణం ఇదే.

పరీక్ష సులువు. వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చేయండి. మాట్లాడుతుండగా పైన 4జీ గుర్తు అలాగే ఉండి, డేటా ఆగకుండా ఉంటే వోల్టే పనిచేస్తున్నట్టు. గుర్తు 2జీకి మారితే ఫోన్ పాత దారిలో నడుస్తోంది. అది ఈరోజుకు సరే, 2జీ ఎప్పటికీ ఉంటుందని అనుకోలేం. జపాన్‌లోనే ఏయూ 2022 మార్చిలో, సాఫ్ట్‌బ్యాంక్ 2024లో 3జీ మూసేశాయి.

ఏ ఫోన్‌కు ఏ మాట

ఐఫోన్: అన్నింటికంటే తక్కువ ఇబ్బంది. తాళం లేకపోతే, ఇక్కడి సిమ్‌ను బట్టి అమరికలు తమంతట తామే వస్తాయి. మోడల్ నంబరు చివర జే/ఏ అని ఉంటే జపాన్‌ది. ఒక జాగ్రత్త: జపాన్‌లో అమ్మే ఐఫోన్ 17 వరుసకు సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. ఫోన్ కిందపడి పాడైతే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకునే వీలుండదు. మళ్లీ మామూలు సిమ్ తీసుకోవాలంటే దుకాణానికి వెళ్లాలి. సిమ్ మార్చాక సాధారణంగా 24 గంటలపాటు మెసేజ్‌లు ఆగుతాయి కూడా. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు ఇది ఆలోచించండి.

ఆండ్రాయిడ్: సోనీ ఎక్స్‌పీరియా, షార్ప్ అక్వోస్, ఫుజిత్సు యారోస్ వంటివాటిలో నాలుగో పరీక్షే ముఖ్యం. సోనీ 2019లో మన దేశంలో ఫోన్ల అమ్మకం నుంచి తప్పుకుంది. ఆ తర్వాతి మోడళ్లకు ఇక్కడి కంపెనీల వోల్టే అమరిక ఉంటుందని ఆశపడకండి. తెలుగు కీబోర్డుకు మాత్రం ఢోకా లేదు, ప్లే స్టోర్ నుంచి వేసుకోవచ్చు.

మడత ఫోన్: పాత గారకే ఫోన్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. తాళం లేకుండా జీఎస్ఎం ఉంటే 2జీలో కాల్స్ చేసుకోవచ్చు. తెలుగు మెసేజ్‌లు మాత్రం డబ్బాలుగా కనబడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఏకైక ఫోన్‌గా ఇవి వద్దు.

ఇంకొన్ని చిన్న సంగతులు

రైలు టికెట్లకు, దుకాణాలకు వాడే ఫెలికా చెల్లింపులు ఇక్కడ పనికిరావు. వన్‌సెగ్ టీవీ కూడా రాదు. చాలా ఫోన్లలో ఫొటో తీస్తే వచ్చే టక్కుమనే శబ్దం ఆగదు. కొన్ని పాత డొకోమో ఫోన్లలో వేరే సిమ్‌తో హాట్‌స్పాట్ పనిచేయదు. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటేనే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టండి. జపాన్‌లో కరెంటు 100 వోల్టులే.

మిగతా దేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో ఏటీఅండ్‌టీ 2022 ఫిబ్రవరిలో 3జీ మూసేసింది. తన జాబితాలో లేని ఫోన్లను అది ఒప్పుకోదు. ఆస్ట్రేలియాలో 2024 చివర్లో 3జీ ఆగిపోయింది. అత్యవసర నంబరు 000కు కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ నుంచే తప్పించాలని అక్కడ నియమం. మన దగ్గర అలా ఎవరూ ఆపరు. కాబట్టి ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

చేతికిచ్చే ముందు

1. ఆ ఊళ్లో, ఆ ఇంట్లో, వాళ్లు వాడే సిమ్‌తోనే పరీక్షించండి.
2. బయటి నుంచి ఆ నంబరుకు మామూలు కాల్ చేయించండి. వంటింట్లో, పడగ్గదిలో కూడా మోగాలి.
3. బ్యాంకు ఓటీపీ ఒకటి తెప్పించి చూడండి.
4. ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెలిగించి ఇవే చేయండి.
5. పాత ఫోన్‌ను కనీసం నెల రోజులు చార్జింగ్‌తో పక్కనే ఉంచండి.

ఈ అయిదింటిలో ఏది తప్పినా జపాన్ ఫోన్‌ను వైఫైతో ఫొటోలకు, వీడియో కాల్స్‌కు వాడుకోండి. సిమ్‌ను మాత్రం ఇక్కడ కొన్న ఫోన్‌లోనే ఉంచండి.